అత్తగారి తాళంచెవి

ఉప్పు పిన్నికి కోపం వస్తే రేవులో కొంగలు లేచి పక్క ఊరికి పోతాయని చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువే. కొంగలు మహా అయితే నాలుగు పడవలు అవతలికి పోయి కూచుంటాయి. కానీ ఆవిడ తన సోఫాల కొట్టులో కొలతల టేపు గట్టిగా చుట్టి బల్ల మీద పెట్టిందంటే మాత్రం, ఎదురు బేకరీ అతను షట్టరు సగానికి దించుకోవడం వీధి వీధంతా చూసిన సంగతే.

ఆ పేరు పెట్టింది ఎవరో ఇంతవరకూ బయటపడలేదు. పడితే ఆ మనిషి ఈ ఊళ్ళో ఉండడు. పేరు మాత్రం అతికినట్టు అతికింది. ఆవిడ మాట పుండు మీద పడ్డవాడికి ఎందుకని వేరే చెప్పక్కర్లేదు.

కొట్టంటే పెద్దదేం కాదు. ముందు గదిలో తోలు ఊడిపోయిన కుర్చీలు, వెనక గదిలో ఫోము దిమ్మలు, నడుమ ఓ కుట్టు మిషను. చూడ్డానికి దూడంత, కూతకి ఎద్దంత. పిన్ని కనుబొమల మీద ఎప్పుడూ ఫోము పొడి, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు నోట్లో ఉన్నంతసేపే వీధికి శాంతి.

మొగుడు బడి బస్సు నడుపుతాడు. ఆయన్ని అందరూ సర్లే బాబాయ్ అంటారు. కడుపులోంచి బయటపడినప్పుడు కేరుమనకుండా 'సర్లే' అన్నాడని వాళ్ళ అన్నగారే చెప్తాడు. పిల్లలు బస్సు సీట్లు కోసేస్తే సర్లే. టీలో పంచదార బదులు ఉప్పు పడితే సర్లే. పెళ్ళికి ముందు పిన్ని ఎదురుగా కూచుని, "నాకు కోపం ఎక్కువ, తర్వాత నాకు చెప్పలేదు అనొద్దు" అంటే కూడా సర్లే అన్నాడట. ఆ ఒక్క మాటకి పడిపోయింది పిన్ని. ఇంత కోపాన్ని ఎంత సులువుగా మింగేశాడు మహానుభావుడు అని మురిసిపోయింది. ఆయన ఎవరేం పెట్టినా అలాగే మింగేస్తాడని తెలిసేసరికి జుట్టు నెరిసింది.

ఆ ఇంట్లో మూడో ప్రాణి అత్తగారు. నిజం అత్తగారు కాదు. ఆవిడ పాపం ఎవర్నీ ఒక్క మాట అనకుండా ఎప్పుడో పోయింది. ఈ అత్తగారు రేవులో మూడో వరస చివర కట్టేసి ఉండే ముప్ఫై ఆరడుగుల తెరచాపల పడవ. పిన్ని పెళ్ళి కంటే పాతది. గాలొస్తే మూలుగుతుంది, వానొస్తే కారుతుంది. ఓ పక్క చిల్లు పూడిస్తే ఇంకో పక్క తలుపు బిగుసుకుంటుంది. ఎంత చేసినా ఇంకేదో చెయ్యలేదని మూతి ముడుచుకునే ఉంటుంది. అందుకే ఆ పేరు.

ఆ పడవ కథ పరుపులతో మొదలైంది. దాని పాత యజమాని ఓ కళ్ళ డాక్టరు. లోపలి బల్లల మీద పరుపులు మార్చాలని పిన్నిని పిలిచాడు. కొలతలు తీసుకోడానికి లోపలికి దిగిన మనిషి ఎంతకీ పైకి రాలేదు. కిందపడిందేమోనని డాక్టరు తొంగి చూస్తే, చెక్క గోడకి చెంప ఆనించి కూచుని ఉందట. "ఏంటమ్మా, కళ్ళు తిరిగాయా?" అని ఆయన. "ఇది అమ్ముతారా?" అని ఈవిడ. మోకాళ్ళు అరిగి అప్పటికే మెట్లు దిగలేకపోతున్న డాక్టరు ఎగిరి గంతేశాడు, మోకాళ్ళతో సహా.

ఒక్కత్తీ కొనగలిగిన వస్తువు కాదు. అందుకని ముగ్గురు కలిశారు: పిన్ని, బాబాయ్, బాబాయ్ అన్నగారు. ఈ అన్నగారు, అంటే పిన్నికి బావగారు, బాత్రూము టైల్స్ షోరూము మేనేజరు. షోరూములో ప్రతి టైలుకీ ఓ నంబరు, నోట్లో ప్రతి మనిషికీ ఓ సలహా. సముద్రం చూస్తే వాంతి చేసుకునే మనిషి. అయినా పడవలో వాటా ఉందని చెప్పుకోవడం బాగుంటుంది కదా. కాయితం మీద మూడు సమాన వాటాలు. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా పడవని ఏమైనా చెయ్యొచ్చని రాసుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకరు సర్లే బాబాయ్ అన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు.

పిన్ని ఏ పుస్తకం చదివి నేర్చుకోలేదు పడవ నడపడం. గుద్దుకుంటూ, ఇసకలో ఇరుక్కుంటూ, తిట్టించుకుంటూ, అంతకు రెట్టింపు తిడుతూ నేర్చుకుంది. తెరచాప చిరిగితే కొట్టు మిషను మీద వేసుకుని తనే కుట్టుకుంది. చాప గదంతా నిండి, గుమ్మం దాటి, రోడ్డు మీదికి పాకితే బేకరీ అతను అంచు పట్టుకుని నిలబడేవాడు, కోపం తన మీదికి మళ్ళకుండా.

ఇంకో సంగతి. బాబాయ్ చెప్తేగానీ ఎవరూ నమ్మలేదు. సముద్రం మీద పిన్ని అరవదు. రేవు గోడ దాటి, ఇంజను ఆపి, చాప పైకి లేచి గాలి నింపుకుని పడవ ఓ పక్కకి ఒరగ్గానే ఆవిడ గొంతు దిగిపోతుందట. "ఆ తాడు కొంచెం వదలండి" అని పసిపిల్లకి చెప్పినట్టు చెప్తుందట. చుక్కాని పిడి చంకలో పెట్టుకుని, కళ్ళు చిట్లించి, ఏదో కూనిరాగం తీస్తుందట. వారమంతా వీధికి ఉప్పు చల్లే మనిషికి ఉప్పునీళ్ళల్లో కోపం ఎలా కరిగిపోతుందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడకి మనశ్శాంతి ఉన్న చోటు భూమ్మీద లేదు. నీళ్ళ మీదే ఉంది, అదీ ఆ ముసలి పడవలోనే ఉంది.

దాని ఇంజనుకి మాత్రం ఓ పద్ధతి పెట్టింది. చాపలున్నా ఇంజను కావాలి, రేవులోకి రావడానికీ పోవడానికీ. ఆ ఇంజను చల్లగా ఉండాలంటే కిందనుంచి సముద్రపు నీళ్ళు పీల్చుకోవాలి. ఆ నీళ్ళు వచ్చే గొట్టానికి ఓ వాల్వు, మెట్ల కింద చీకట్లో. దిగిపోయేటప్పుడు వాల్వు కట్టేయాలి, లేకపోతే గొట్టం ఊడితే పడవే మునుగుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు తెరవాలి, మర్చిపోయి ఇంజను తిప్పితే నీళ్ళందక కాలిపోతుంది. అందుకని పిన్ని ఇంజను తాళంచెవిని ఆ వాల్వు పిడికే తగిలించేది. తాళం కావాలంటే మోకాళ్ళ మీద వంగాలి, వాల్వు మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి వేశాక తెరవకుండా ఎవడుంటాడు? పాత పడవల వాళ్ళు చాలామంది చేసే పనే అది. "నా మతిమరుపుకి నేను వేసుకున్న ముక్కుతాడు" అనేది పిన్ని.

ఆ ఏడు వర్షాలు పోయి, రేవు మళ్ళీ తెరిచే రోజు దగ్గరపడింది. ఆ రేవుకి ఓ నియమం ఉంది. రేవు మేనేజరమ్మ మెడలో ఈల వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని దగ్గరుండి జరిపిస్తుంది. ఆ రోజు ప్రతి పడవా తన చోటు విడిచి, బయట సముద్రంలో ఉన్న పసుపు పీపాని చుట్టి, ఎవరూ లాక్కురాకుండా తనంతట తను తిరిగొచ్చి అదే చోట కట్టుకోవాలి. రాలేని పడవ చోటు వేరేవాళ్ళకి పోతుంది. పడవ వెనక పెరట్లో బురదకి పోతుంది. ఆ పెరడుని రేవు జనం వృద్ధాశ్రమం అంటారు. అక్కడికెళ్ళి మళ్ళీ నీళ్ళు చూసిన పడవ లేదు.

ఆ రోజుకి ఇంకా కొన్నాళ్ళు ఉండగా, పిన్ని కొత్త పరుపు గలీబులు భుజాన వేసుకుని ఓ పొద్దున్నే పడవ ఎక్కింది. మెట్లు దిగి, అలవాటుగా వంగి, చీకట్లో చెయ్యి పెట్టింది. వాల్వు పిడి ఉంది, కట్టేసి ఉంది. తాళం లేదు.

తలెత్తి చూస్తే గుమ్మం పక్కన, పాలిష్ పెట్టిన చెక్కకి, తళతళా మెరిసే ఇత్తడి కొక్కెం. కొక్కేనికి తాళం. దాని మీద అంటించిన చీటీ: తాళము.

ముక్కుకి కాలిన రబ్బరు వాసన తగిలింది. ఇంజను మీద మూత ఎత్తింది. అంతకంటే చూడాల్సింది ఏమీ లేకపోయింది. ఇంజను పక్కన పెయింటు ఉడికి బొబ్బలెక్కింది. నీళ్ళు పీల్చే రబ్బరు చక్రం ఉన్న డబ్బా విప్పితే, చక్రం ముక్కలు ముక్కలుగా, నమిలి ఉమ్మేసినట్టు బయటికొచ్చింది. తాళం తిప్పి చూస్తే ఇంజను ఒక్కసారి దగ్గింది. మళ్ళీ దగ్గలేదు.

రేవు మెకానిక్ వచ్చి, బుగ్గలో కిళ్ళీ ఓ పక్కనించి ఇంకో పక్కకి మార్చి, "ఇంజను తల పగిలిందక్కా. విప్పి పంపాలి. ఈ సీజనుకి ఆశ పెట్టుకోకు" అన్నాడు.

"ఎవరు తిప్పారు?"

"నన్నెందుకడుగుతావ్? మొన్న మీ బావగారు ఎవరో హోటలాయన్ని తీసుకొచ్చి చూపించాడు. డుగుడుగుమని చప్పుడు వినిపించింది. కాసేపటికి పొగ కూడా కనిపించింది. నేను టిఫిను చేస్తున్నా."

"పొగొస్తుంటే టిఫిను చేస్తావా?"

"చల్లారిపోతుంది కదక్కా, టిఫిను."

ఆ మెకానిక్ ఎలా ప్రాణాలతో బయటపడ్డాడో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు. పిన్ని అతన్ని దాటుకుని గట్టెక్కి, రేవు గేటు దాటి, బస్సు డిపో దాకా గలీబులు భుజం మీదే ఉంచుకుని నడిచింది. దారిలో రెండు కుక్కలు పక్క సందులోకి తప్పుకున్నాయి.

బాబాయ్ బస్సు అద్దం తుడుస్తున్నాడు.

"ఆ కొక్కెం ఎవరు కొట్టారు?"

బాబాయ్ గుడ్డ పిండాడు. పిండినదాన్నే మళ్ళీ పిండాడు. "నేనే."

"మీరా!"

"అన్నయ్య అన్నాడు, వచ్చినవాళ్ళ ముందు మెట్ల కింద పాకడమేంటి, మర్యాదగా ఉండదు, ఎదురుగా పెట్టరా అని. నేను…"

"సర్లే అన్నారు."

"అన్నా."

"ఆ తాళం అక్కడెందుకుందో మీకు తెలీదా? ఇన్నేళ్ళు నా పక్కన ఆ పడవలో కూచుని గాడిదలు కాశారా?"

"తెలుసు."

"తెలిసి కొట్టారా!"

ఆ కేకకి డిపోలో టిక్కెట్టు కిటికీ దానంతటదే మూసుకుందని అంటారు. బాబాయ్ గుడ్డని బకెట్లో వేసి, కళ్ళెత్తకుండానే మిగతాది కూడా చెప్పేశాడు. చెప్పాలనే చెప్పాడో, కోపం మొత్తం ఒక్కసారే పడితే మంచిదనుకున్నాడో. హోటలాయనకి పడవ కావాలట. నీళ్ళల్లో కాదు, హోటలు ముందు గడ్డిలో నిలబెట్టడానికి. పడవ అడుగున ఉండే సీసపు బరువు కోసేసి, పక్కన తలుపు పెట్టి, లోపల టేబుళ్ళు వేస్తాడట. పిల్లలకి సరదాగా ఉంటుందట. అన్నయ్య సంతకం పెట్టేశాడు. ఇంకో సంతకం కావాలి.

"మీరేమన్నారు?"

బాబాయ్ బకెట్లో గుడ్డ మళ్ళీ అందుకున్నాడు. ఏమని ఉంటాడో వేరే అడగక్కర్లేదు.

ఓడలు బళ్ళవుతాయంటే పిన్ని విన్నది. ఓడ టీకొట్టు అవుతుందని వినలేదు. గలీబులన్నీ బస్సు మెట్టు మీద పడేసి, "మీ అన్నయ్య నా పడవ పీక కోస్తానంటే కత్తి తెచ్చి ఇచ్చే రకం మీరు" అంది. ఆ మాట గట్టిగా అనలేదు. అందుకే బాబాయ్ భయపడ్డాడు.

మర్నాడు బావగారు కాయితాలతో సహా కొట్టుకి వేంచేశాడు. విరిగిన కుర్చీ చూసి కూచోబోయి, విరగని కుర్చీ చూసి కూచున్నాడు. వెనకాలే బాబాయ్, గుమ్మంలో, లోపలా కాకుండా బయటా కాకుండా.

"చూడమ్మాయ్, ఆవేశపడకు. ముసలి ఇంజను. ఎప్పుడో అప్పుడు పోయేదే."

"పోలేదు బావగారూ. మీరు చంపారు."

"ఏదో ఐదు నిమిషాలు తిప్పా. ఐదు నిమిషాలకి పోయే ఇంజను ఉంటే ఎంత, పోతే ఎంత?"

"మీ ముక్కూ నోరూ కలిపి ఐదు నిమిషాలు మూస్తా. అప్పుడు చెప్పండి, మీరుంటే ఎంతో, పోతే ఎంతో."

గుమ్మంలో బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. బావగారు నవ్వబోయి, ఆవిడ చేతిలో పిన్నులు పీకే ఇనప పనిముట్టు చూసి మానేశాడు.

"కోపంలో న్యాయం కనపడదు. ఇంజను లేదు. రేవు తెరిచే రోజు పీపా చుట్టి రాలేవు. చోటు పోతుంది. చోటు పోయాక బురదలో కుళ్ళే పడవని ఎవరూ కొనరు. అదే ఇప్పుడైతే గౌరవంగా నాలుగు కాలాలపాటు నలుగురి కళ్ళెదుట…"

"గడ్డిలో."

"గడ్డిలో అయితేనేం? లైట్లు పెడతారు."

పిన్ని మిషను చక్రం చేత్తో ఆపింది. "మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత గౌరవంగా ఎవరూ మాట్లాడలేదు బావగారూ. లైట్లు పెడతారా! మీరు తప్పు చేసి, ఆ తప్పునే చూపించి, అమ్మేద్దాం అంటున్నారు. కాలు విరగ్గొట్టి, కుంటిది కదా, కాటికి పంపేద్దాం అన్నట్టుంది. ఒక్కసారైనా 'పొరపాటైందమ్మా' అన్నారా?"

"పొరపాటు నాదెలా అవుతుంది? నీ తాళం నువ్వు మెట్ల కింద దాచుకున్నావ్. పద్ధతిగా కొక్కేనికి తగిలించి ఉంటే, పక్కన ఓ బోర్డు పెట్టి ఉంటే, వాల్వు తెరవమని రాసి ఉంటే…"

"చాలు. మీ సలహాలకి నా దగ్గర ఖాళీ కుర్చీ లేదు." పిన్ని లేచింది. "నేను చుట్టుకొస్తా. ఇంజను లేకుండా, చాపల మీద."

"చాపల మీద బయటికి పోవచ్చు. లోపలికి ఎలా వస్తావ్? బ్రేకులున్నాయా దానికి?"

"అది నేను చూసుకుంటా." గుమ్మం వైపు తిరిగింది. "ఏమండీ. నేను తిరిగొచ్చేదాకా సంతకం పెట్టొద్దు. ఇంకోటి, మీరు నాతో పడవలో ఉండాలి. తాడు పట్టడానికి ఇంకో మనిషి కావాలి."

"సర్లే" అన్నాడు బాబాయ్.

"ఒరేయ్ తమ్ముడూ, మీ ఆవిడ అన్నదని కాదుగానీ, పళ్ళ డాక్టరుగారి కొత్త పడవ మీ పక్కనే ఉంది. దానికి గీత పడితే నువ్వు జీవితాంతం బస్సు నడిపినా తీరదు. ముందే సంతకం పెట్టేస్తే గొడవే లేదు కదరా."

బాబాయ్ పెదాలు 'స' అనడానికి తయారైనట్టే అయ్యాయి. పిన్ని టేపు చుట్టి టప్‌మని బల్ల మీద పెట్టింది. ఎదురుగా షట్టరు దిగిన చప్పుడు. ఆ చప్పుడులో బాబాయ్ మాట ఎటు పోయిందో పోయింది.

రేవు తెరిచే రోజు జనం బాగా వచ్చారు. సగంమంది పడవలు చూడ్డానికి, సగంమంది ఉప్పు పిన్ని మునగడం చూడ్డానికి. మేనేజరమ్మ గొడుగు కింద నిలబడి, "ఇంజను లేకుండా వెళ్తానంటున్నావ్. నియమానికి అడ్డేం లేదు. కానీ ఇంకో పడవని గుద్దావంటే నీ చోటు అక్కడికక్కడే పోతుంది" అంది. "పోనియ్యండి" అంది పిన్ని పళ్ళ సందులోంచి.

పోవడం తేలికే. గాలి భూమి మీద నుంచి వీస్తోంది. తాళ్ళు విప్పి చిన్న చాప ఇంత విప్పితే, అత్తగారు మూలుగుతూ తనే బయల్దేరింది. గోడ దాటాక పెద్ద చాప పైకెత్తారు. పడవ ఒరిగింది. లోపల ఓ గ్లాసు దొర్లింది. బాబాయ్ ఎదురు చూశాడు, ఎప్పటిలా గొంతు దిగుతుందని, కూనిరాగం వస్తుందని.

రాలేదు. పిన్ని దవడ బిగిసే ఉంది. పసుపు పీపా దగ్గరికొచ్చి, చుట్టి, వెనక్కి తిరిగినా బిగిసే ఉంది.

"ఇక్కడ కూడా కోపమేనా?" అన్నాడు బాబాయ్ మెల్లగా.

"ఇక్కడ కోపం ఉండేది కాదు నాకు. ఈ ఒక్క చోటే ఉండేది కాదు. దాన్ని కూడా తీసుకొచ్చి ఎక్కించారు మీరిద్దరూ. కొక్కెం కొట్టి మరీ తగిలించారు."

బాబాయ్ నీళ్ళ వైపు చూశాడు. దానికి 'సర్లే' అతకలేదు.

తిరిగొచ్చేసరికి గాలి మారింది. మధ్యాహ్నం అయ్యాక అక్కడ ఎప్పుడూ మారుతుంది. ఇప్పుడు సముద్రం మీద నుంచి భూమి వైపు, అంటే వీపు వెనక నుంచి. ఆగమంటే ఆగే గాలి కాదు. గోడ బయటే పెద్ద చాప దించి, లోపలికి రాగానే చిన్న చాప కూడా చుట్టేశారు. అయినా చాపల్లేని వట్టి స్తంభాన్నే తోసుకుంటూ గాలి వాళ్ళని లోపలికి నెట్టింది.

"వినండి. పడవ నడుమ కట్టిన తాడు. అది పట్టుకుని గట్టు మీదికి దిగి, తాళ్ళు కట్టే ఇనప కొమ్ముకి రెండు చుట్లు వేసి మెల్లగా బిగించండి. పడవ నిలబడుతుంది. మూతి దగ్గరుండే ముందు తాడు మాత్రం ముట్టుకోవద్దు. ముందు తాడు కడితే మూతి ఆగిపోయి వెనకభాగం గాలికి తిరుగుతుంది. తిరిగితే పళ్ళ డాక్టరు పడవ మీదే. మీ అన్నయ్య అరిచినా, ఆకాశం ఊడిపడినా, ముందు తాడు వద్దు."

"సర్…"

"ఆ మాట అనొద్దు!"

గట్టు చివర బావగారు ఉన్నాడు. ఎప్పుడూ ఉంటాడు. సముద్రంలోకి రాడుగానీ, పడవ తిరిగొచ్చినప్పుడు తాడు అందుకోవడం మాత్రం ఆయన సొంత హక్కు. ఇన్నేళ్ళూ ఆయన అరవడం, బాబాయ్ ముందు తాడు విసరడం, ఆయన గబుక్కున కట్టేయడం, పడవ అడ్డం తిరగడం, పిన్ని వెనక గేరు వేసి దాన్ని సరిచేసుకుంటూ తిట్టడం. గేరు ఉన్నన్నాళ్ళూ ఆ తప్పుకి ఓ మందు ఉండేది. ఇప్పుడు గేరు లేదు.

"ఒరేయ్! ముందు తాడు! ఇటు విసురు!"

చేతులు రెండూ చాచి నిలబడ్డాడు, పసివాడిని ఎత్తుకోబోతున్నట్టు. పళ్ళ డాక్టరు తన పడవ మీదికెక్కి, తెల్లటి చొక్కాతోనే అడ్డం నిలబడ్డాడు, పడవని ఒంటితో ఆపేస్తానన్నట్టు.

బాబాయ్ చెయ్యి ముందు తాడు మీదికి పోయింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి, చెయ్యి ఎవర్నడిగి పోతుంది? తాడు చుట్టగా చేతిలోకి వచ్చింది. పిన్ని చూసింది. చుక్కాని వదిలి పరిగెత్తలేదు. అరవబోయింది. అరిస్తే ఆయన వింటాడు, అదీ తెలుసు. అయినా అరవలేదు. ఇన్నేళ్ళలో అరిచి చేయించిన పనులన్నీ కళ్ళముందు తిరిగాయేమో. నోరు గట్టిగా మూసుకుని ఆయన వీపు వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపుకి చొక్కా కాలకపోవడం ఆశ్చర్యం.

"విసరరా! ఏంట్రా చూస్తావ్! విసురు!"

"విసరను."

గాలిలో అందరికీ వినపడింది.

"ఏంటీ?"

"విసరను అన్నయ్యా! తప్పుకో అక్కణ్ణుంచి! నోర్మూసుకుని తప్పుకో!"

చేతిలో తాడుని పడవలోకే గిరాటేశాడు. నడుమ తాడు అందుకుని గట్టు మీదికి దూకాడు. అన్నగారి భుజానికి ఆయన భుజం తగిలి ఆ పెద్దమనిషి తాళ్ళ పోగులో చతికిలపడ్డాడు. బాబాయ్ మోకాళ్ళ మీద పడి ఇనప కొమ్ముకి ఒక చుట్టు, ఇంకో చుట్టు వేశాడు. తాడు బిగిసి కీచుమంది. అరచేతిలో తోలు లేచింది. అత్తగారు జన్మలో మూలగనంత గట్టిగా మూలిగి, గట్టుకి ఒరుసుకుని, ఆగింది. పళ్ళ డాక్టరు పడవకీ దానికీ మధ్య ఓ జానెడు నీళ్ళు.

మేనేజరమ్మ ఈల ఊదింది. జనం చప్పట్లు కొట్టారు, మునగలేదన్న నిరాశ ఉన్నవాళ్ళు కొంచెం మెల్లగా.

బావగారు తాళ్ళలోంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "అన్నయ్యనిరా నేను. ఇంతమందిలో…"

"తెలుసు" అన్నాడు బాబాయ్. రొప్పుతున్నాడు. మొహం జేవురించి ఉంది. అది కూడా కోపంగా ఉండగలదని ఆ రోజే తెలిసింది జనానికి. "నువ్వు కొక్కెం కొట్టమన్నావ్. కొట్టా. అది నా తప్పు. ఇంజను కాల్చింది నువ్వు. కాల్చి నోరు మూసుకున్నావ్. సంతకం పెట్టను. రేపు అడిగినా పెట్టను. ఎల్లుండి అడిగినా పెట్టను."

"ఒకసారి ఆలోచించరా. నా సలహా ఏంటంటే…"

"వద్దు!"

పిన్ని మిగతా తాళ్ళు కట్టేసి దిగింది. చూసినవాళ్ళు ఇప్పుడేదో కన్నీళ్ళు, కౌగిలింతలు ఉంటాయనుకున్నారు. పిన్ని మొగుడి అరచెయ్యి తిప్పి చూసి, తోలు లేచిన చోట తన చెంగు గట్టిగా చుట్టి, "ఇన్నేళ్ళు ఎక్కడ దాచారండీ ఈ గొంతు?" అంది. గొంతులో కోపం ఒక్క చుక్క కూడా తగ్గలేదు. "కొక్కెం కొట్టమన్నప్పుడే ఇది బయటికి తీసి ఉంటే నా ఇంజను బతికుండేది కదా! ఏమండీ? మాట్లాడరేం?"

"అవును" అన్నాడు బాబాయ్. సర్లే అనలేదు.

ఆవిడ మళ్ళీ పడవలోకి దిగింది. కాసేపు లోపల స్క్రూడ్రైవరు చప్పుడు. బయటికొచ్చేసరికి ఒక చేతిలో ఇత్తడి కొక్కెం, దానికి అంటించిన చీటీతో సహా. తాళం మాత్రం లేదు. అది మెట్ల కింద చీకట్లో, దాని చోటికి అది పోయింది. ఇంజను చచ్చి పడుందిగా, తాళం ఎక్కడుంటేనేం అని మెకానిక్ నసిగితే, "బతికాక వెతుక్కోకుండా" అంది.

కొక్కెం తెచ్చి బావగారి చేతిలో పెట్టింది.

"మీ షోరూములో గోడకి కొట్టుకోండి బావగారూ. మీ సలహాలన్నీ దానికి తగిలించుకోవచ్చు. పద్ధతిగా ఉంటుంది."

ఇంజను విప్పి పంపారు. ఇంకా రాలేదు. మెకానిక్ రేపంటాడు. ఈలోపు వాళ్ళిద్దరూ చాపల మీదే పోతున్నారు, వస్తున్నారు. గట్టు చివర తాళ్ళ దగ్గర ఇప్పుడెవరూ చేతులు చాచి నిలబడరు. పోయిన ఆదివారం పీపా దాటాక, తాడు కొంచెం వదలమని పిన్ని మెల్లగా చెప్పిందట. బాబాయ్ గాలి వైపు చూసి, "ఇప్పుడు వద్దు" అన్నాడట. ఆవిడ చేతికందిన పరుపు తీసి ఆయన మొహాన కొట్టిందట. తర్వాత చాలాసేపటికి కూనిరాగం వినపడిందని బాబాయ్ చెప్తాడు. అదీ తిట్టులాగే ఉందట గానీ, రాగం ఉందట.